ఎవరు ఎంత సర్దుకోవాలె

మన దగ్గర ఆటిజం అనగానే పిల్లలే గుర్తుకొస్తారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అంగన్‌వాడీల్లో, బడుల్లో పిల్లలను పరీక్షిస్తుంది. 18 ఏళ్ళు నిండితే దాని పని అయిపోతుంది. మండలాల్లోని భవిత కేంద్రాలు కూడా బడి వయసు వాళ్ళకే. ఆ పిల్లలు పెరిగి కొలువులకు పోతారు, పెళ్ళిళ్ళకు పిలుపులు అందుకుంటారు. చిన్నప్పుడు ఎవరూ పోల్చుకోక, 30 దాటాక తమ సంగతి తాము తెలుసుకునేవాళ్ళూ ఉంటారు. వాళ్ళు రోజు ఎట్లా గడుపుతున్నారన్నది ఇంకా ఇళ్ళలో నడిచే వాదంగానే ఉండిపోయింది.

ఇక్కడ మాట్లాడేది ఇద్దరు. ఇద్దరిదీ కామారెడ్డి జిల్లా మాచారెడ్డి మండలం. ఆమె కామారెడ్డిలో ఒక ఆఫీసులో లెక్కలు చూస్తుంది. తనది ఆటిజం అని పెద్దయ్యాకే తెలిసింది. ఆయన ఆమె మేనమామ, బడిపంతులుగా చేసి రిటైరైనవాడు. మామ మాటల్లో న్యాయం లేకపోతే ఈ వాదం రాయాల్సిన పని ఉండేది కాదు.

మామ: మొన్న పెండ్లిల బరాత్ మొదలుకాకముందే లేచి పోయినవు బిడ్డా. చుట్టాలంత నన్నే అడిగిన్రు. మీ అమ్మ మొకం చిన్నబోయింది.

మేనకోడలు: తలంబ్రాలు అయినంకనే పోయిన మామా. పొద్దుగాల అందరికన్న ముందొచ్చి వంటకాడ చేతి సాయం చేసిన. డీజే పెట్టే యాళ్లకు ఉండ అని అత్తకు ముందుగాలనే చెప్పిన.

మామ: డీజే అంటే నాకు కూడ తలనొప్పే. ఓర్చుకుంట. పదిమంది నడుమ బతకాలంటే ఓర్చుకోవాలె.

మేనకోడలు: నీకు తలనొప్పి లేస్తది, పొద్దున్నకు పోతది. నాకు డీజే, జనరేటర్, గిన్నెల సప్పుడు, పక్కన మాట్లాడేటోళ్ల మాట అన్నీ ఒకే గట్టితనంతోని లోపలికొస్తయి. ఏది వినాలె, ఏది ఇడిసిపెట్టాలె అని నీ తల నీకు తెల్వకుంటనే ఏరి పెడ్తది. నా తల ఏరదు. కొంతసేపటికి నోట్లెకెల్లి మాట రాదు. ఇది నేను కల్పించి చెప్తున్నది కాదు. 2013ల అమెరికా మానసిక వైద్యుల సంఘం కొత్త గ్రంథం తెచ్చినప్పుడు సప్పుడు, వెలుగు, వాసన, బట్ట తాకుడు, వీటి తేడాను కూడ ఆటిజం లక్షణాలల్ల చేర్చింది.

మామ: మరి బతుకమ్మకు తొమ్మిది దినాలు నువ్వే ముందుంటవు. ఆడ లొల్లి లేదా?

మేనకోడలు: ఉంటది. కానీ అడుగు ఎప్పుడు పడ్తదో, చప్పట్లు ఎప్పుడు కొట్టాల్నో నాకు తెలుసు. ఎవరి మొకం చూడక్కర లేదు, అందరం నడుమనున్న బతుకమ్మనే చూస్తం. ఏం మాట్లాడాల్నో ఎతుక్కునే పని లేదు. నన్ను ఆగం చేసేది ఎప్పుడొస్తదో తెల్వని సప్పుడు. అమ్మతోని ఆడోళ్లు చాటలు ఒళ్లె పెట్టుకుని బీడీలు చేస్తుంటే ఎంతసేపన్న కూసుంట. కత్తెర సప్పుడు ఒక్క తీరుగ ఉంటది. తంబాకు వాసన పడది, అందుకే గాలొచ్చే దిక్కు కూసుంట. ఏది పడ్తది, ఏది పడది అని రాసి పెట్టుకున్నంక నాకు సగం బతుకు సులువైంది.

మామ: చెవులల్ల బిళ్లలు పెట్టుకుని బస్సుల కూసునుడు కూడ అందులదేనా? పిలిస్తే పలుకవని అనుకుంటున్నరు. ఇంకో మాట. వాడకుంట దాచిపెడ్తే ఆ చెవి ఇంకింత సుకుమారం అయితది. 40 ఏండ్లు పిల్లలను చూసిన, నాకు తెల్వదా?

మేనకోడలు: ఆ మాట నిజమే మామా. చెవి డాక్టర్లు కూడ అదే చెప్తరు. పొద్దంత మూసుకుంటే చిన్న సప్పుడు కూడ పెద్దగ వినబడుడు మొదలైతది. అందుకే ఇంట్ల పెట్టుకోను. బస్సుల, పెండ్లిల, నిమజ్జనం నాడు, అంతే. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడోళ్లకు బస్సు ఫ్రీ అయింది. నేను కూడ ఆ జీరో టికెట్ మీదనే పోతున్న, మంచిదే అయింది. కానీ ఇప్పుడు కామారెడ్డి పోయే బస్సుల కాలు పెట్ట జాగ ఉండది. అందుకే ఒక బస్సు ముందు పోత. ఆఫీసుల ఎవరు రాకముందు ఫ్యాన్ కూడ వెయ్యకుంట జరసేపు ఊకె కూసుంట. ఆ కూసున్న దినం పొద్దుగూకేదాక నిలబడ్త. కూసోని దినం మధ్యాహ్నానికే కూలిపోత.

మామ: నాకొకటి సమజైతలేదు. డిగ్రీ చదివినవు, కొలువు తెచ్చుకున్నవు, అందరితోని మంచిగనే మాట్లాడేదానివి. ఆ పేరు పెట్టినంకనే ఇవన్ని మొదలైనయి.

మేనకోడలు: మంచిగున్నట్టు చేసిన మామా. ఎదుటోళ్ల కండ్లల్లకు చూడలేక కనుబొమ్మల నడుమ చూసుడు నేర్చుకున్న. ఎవరు నవ్వితే వాళ్లతోని నవ్విన. "ఏం సంగతి" అని ఎవరన్న అడిగితే ఏ సంగతి అడుగుతున్నరో తెల్వక బిత్తరపోయేది. దానికో జవాబు బట్టీ పట్టిన. సాయంత్రం ఇంటికొచ్చి తలుపేసుకుని చీకట్ల పండేది. అది నువ్వు చూడలేదు, అమ్మ చూసింది. ఒక యాడాది అది కూడ చాతగాలేదు. పొద్దున లేచి తానం చేసుడు రాకపాయె. రోజు ఎక్కే బస్సు ఎక్కడ దిగాల్నో మర్చిపోయిన. జ్వరం లేదు, రక్తపరీక్షల ఏం లేదు. 2020ల అమెరికాల డోరా రేమేకర్, ఆమె తోటోళ్లు ఆటిజం ఉన్న పెద్దోళ్లనే అడిగి దీని గురించి రాసిన్రు. ఏండ్ల తరబడి శక్తికి మించి సర్దుకుంట పోతే ఒక దినం అంత ఆగిపోతది, నెలల తరబడి తేరుకోరు, వచ్చిన పనులు కూడ రాకుంట పోతయి అని. దాన్ని ఆటిజం బర్నవుట్ అంటున్నరు. నాకైంది అదే. నువ్వు మంచిగున్నవు అంటున్న ఆ ఏండ్లే నన్ను ఆడికి తెచ్చినయి.

మామ: అయితే ఇగ అన్ని ఇడిసిపెడ్తవా? మనిషి ఎదురైతే పలుకరించవా?

మేనకోడలు: అన్ని ఇడువలేదు. "ఏం సంగతి"కి బట్టీ పట్టిన జవాబు ఇప్పటికీ చెప్త. దానితోని నాకు పెద్ద కష్టం లేదు, ఎదుటోళ్లు సంతోషపడ్తరు. కండ్లల్లకు చూసుడు మాత్రం మానేసిన. చూస్తే వాళ్లు చెప్పేది చెవికెక్కది. ఏది ఉంచుకోవాలె, ఏది ఇడువాలె అన్నది దానికి నేనెంత కట్టాల్సొస్తదో చూసుకుని తేల్చుకున్న.

(ఇక్కడ ఒక్క మాట కలుపుతాను. ఆటిజం ఉన్న పెద్దవాళ్ళకు చెప్పే సలహాల్లో ఎక్కువభాగం ఇతరుల్లా కనబడడం ఎట్లా అన్నదే. కనబడడానికి ఎంత ఖర్చవుతుందో లెక్క చూసుకోమని చెప్పేవాళ్ళు తక్కువ. ఆమె చేసుకున్న ఈ లెక్కే నాకు అన్నిటికన్నా విలువైన ఉపాయంగా తోచింది.)

మామ: మన ఊర్లల్ల ఇసొంటోళ్లు ఎన్నడు లేరు? నా చిన్నతనంల ఒకాయన ఎవరితోని మాట్లాడకపోయేది. కానీ ఎవరి బర్రె ఏ నెల ఈనిందో, ఏ ఏడు ఎంత వాన పడ్డదో అడిగితే టక్కున చెప్పేది. ఊరు ఆయనను ఒక్క మాట అనలేదు. పేరు లేదు, సర్టిఫికెట్ లేదు, బతికిండు.

మేనకోడలు: నువ్వు చెప్పింది చిన్న మాట కాదు. అమెరికాల మిసిసిప్పి రాష్ట్రంల ఫారెస్ట్ అని ఒక చిన్న ఊరుంది. 1943ల లియో కానర్ అనే డాక్టర్ 11 మంది పిల్లల గురించి రాసిన వ్యాసంతోనే ఆటిజం లోకానికి తెలిసింది. అందుల మొదటి పిల్లగాడు ఆ ఊరోడే, డొనాల్డ్ ట్రిప్లెట్. చిన్నప్పుడు ఇంటికి దూరంగ ఒక సంస్థల ఉంచిన్రు, తర్వాత అమ్మానాయినలు తిరిగి తెచ్చుకున్నరు. పెరిగి ఆ ఊరి బ్యాంకులనే ఏండ్లకేండ్లు పనిచేసిండు. గోల్ఫ్ ఆడిండు, ఒక్కడే దేశాలు తిరిగిండు. 2023 జూన్ల, 89 ఏండ్లకు కాలం చేసిండు. ఊరు ఆయనను ఆయన తీరుగ ఉండనిచ్చింది. నువ్వంటున్నది గదే.

మామ: గదే గదా నేను చెప్పేది.

మేనకోడలు: కానీ ఆ బ్యాంకు వాళ్ల ఇంటోళ్లదే మామా. నువ్వు చెప్పిన ఆయనకు కూడ నాలుగెకరాల భూమి, వండి పెట్టే తల్లి ఉండి ఉంటరు. అవి లేనోళ్ల కథ నీకెవరన్న చెప్పిన్రా? ఊరి దయ ఉన్నన్ని దినాలు బతుకుతరు. దయ సర్పంచ్ మారితే మారుతది, అన్నదమ్ములు పంచుకుంటే మారుతది. ఇగ ఆడపిల్లలను మొండిది, పొగరుది అన్నరు. నన్ను కూడ అట్లనే అన్నరు. పేరు తెలిసినంక ఆ రెండు మాటలు నా మీదికెల్లి పోయినయి.

మామ: సరే, ఇంటి సంగతి పక్కన పెట్టు. ఆఫీసుల నువ్వు ఫోన్లు ఎత్తవట. పక్కామె ఎత్తుతదట. నీ ఇబ్బంది ఆమె మీద ఎందుకు పడాలె? అది న్యాయమా?

మేనకోడలు: అడగాల్సిన ప్రశ్నే. ఆమె ఫోన్లు ఎత్తుతది, నెలాఖరుల ఆమె లెక్కలు నేను సరిచూస్త. ఇద్దరం కూసుండి మాట్లాడుకుని మార్చుకున్నం. మా సార్‌ను నేను అడిగినవి కొన్నే. పని నోటితోని చెప్పినంక ఒక వాట్సాప్ మెసేజ్ పెట్టమన్న. "జల్ది కావాలె" అనకుంట ఏ తారీఖు, ఎన్ని గంటలకు కావాల్నో చెప్పమన్న. ఒక పని నడుమ ఇంకోటి ఇస్తే మొదటిది ఆపాల్నా వద్దా అది కూడ చెప్పమన్న. నా కుర్చీ గోడకు ఆనిచ్చి వేయించుకున్న, వెనకకెల్లి ఎవరు నడువకుంట. మీటింగుల ఏం తేలిందో నాలుగు ముక్కలల్ల రాసి పంపమన్న. ఇందుల రూపాయి ఖర్చు యాడుంది?

మామ: నీకు లెక్కలు వస్తయి గనుక ఊకున్నరు. పని రాకుంటే ఇన్ని మాటలు పడనిస్తరా?

మేనకోడలు: నా భయం కూడ ఆడనే ఉంది. 2013ల శాప్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ బెంగళూరుల ముందు ప్రయత్నం చేసి చూసి, తర్వాత ప్రపంచమంత ఆటిజం ఉన్నోళ్లకు కొలువులిచ్చే కార్యక్రమం పెట్టింది. మంచి పనే. కానీ ఆ వార్తలు చదివి ఆటిజం ఉంటే కంప్యూటర్ల మొనగాళ్లే అనుకుంటున్నరు. మాటలే రానోళ్లున్నరు, మేధో వైకల్యం తోడున్నోళ్లున్నరు. రైస్‌మిల్లుల సంచులు కుట్టే పిల్లగానికి మెసేజ్ పెడ్తే ఏం లాభం? వానికి బొమ్మలు గీసిన అట్ట కావాలె. మొదట ఇది, తర్వాత ఇది, ఇది అయినంక ఇల్లు. మిషన్ ఆగే ముందు ఎవరన్న భుజం ముట్టకుంట ఎదురుగ వచ్చి చెయ్యి ఊపి చెప్పాలె. వాడు ఎంత కుట్టిండని చూసి ఇచ్చేది కాదు అది.

మామ: మరి దేన్ని చూసి ఇయ్యాలె? మిల్లు యజమాని ధర్మాత్ముడా?

మేనకోడలు: చట్టం చూసి. 2016ల వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, అందుల ఆటిజం ఉంది. గవర్నమెంటు కొలువులల్ల 4 శాతం రిజర్వేషన్ పెట్టింది. అందుల ఆటిజం, మేధో వైకల్యం, నేర్చుకునుట్ల వైకల్యం, మానసిక జబ్బు, బహుళ వైకల్యం అందరికి కలిపి 1 శాతమే. అది కూడ 40 శాతం వైకల్యం ఉన్నదని సర్టిఫికెట్ ఉంటేనే. కానీ తగిన సర్దుబాటు అన్న హక్కుకు ఆ 40 అక్కర లేదు. 2021 ఫిబ్రవరిల సుప్రీంకోర్టు వికాస్ కుమార్ కేసుల తేల్చి చెప్పింది. ఆయనకు రాసేటప్పుడు చెయ్యి పట్టేస్తది. యూపీఎస్సీ పరీక్షల రాసిపెట్టే మనిషిని అడిగితే 40 లేదు పొమ్మన్నరు. అట్ల అనేందుకు లేదని కోర్టు అన్నది. ప్రైవేటు సంస్థలు కూడ సమాన అవకాశాల విధానం రాసి అందరికి తెలిసేటట్టు పెట్టాలని చట్టంల ఉంది. ఇగ నీ న్యాయం ప్రశ్న. సర్దుబాటు యజమాని మీద మోయలేని బరువు కావద్దని కూడ అదే చట్టం చెప్తది. పక్కామె మీద నా పనంత పడితే అది తప్పే. అందుకే మార్చుకున్నం.

మామ: సర్టిఫికెట్ అంటే ముద్ర పడుడే బిడ్డా. రేపు సంబంధాలు చూడాల్నా వద్దా?

మేనకోడలు: దాచిపెట్టి చేసుకున్న పెండ్లిల నేను పొద్దుమాపు కనుబొమ్మలే చూసుకుంట బతకాలె. ఆఫీసుకైతే ఎనిమిది గంటలు, ఇంటికైతే సెలవు ఉండది. తెలిసి వచ్చేటోడు ఉంటే చూద్దాం. ఇగ సర్టిఫికెట్ కోసం అడిగే 40 ప్రశ్నల కొలమానం మన సికింద్రాబాదుల, మనోవికాస్ నగర్ సంస్థలనే తయారైంది. అడుగుతరు, చూస్తరు, మార్కులు వేస్తరు. అందుల సిగ్గుపడేదేం లేదు.

మామ: (కొంచెం ఆగి) అసలు మాట చెప్త ఇను. మీ అమ్మకు 60 దాటినయి. ఏండ్లకేండ్లు బీడీలు చుట్టి చూపు తగ్గింది, దగ్గు పట్టింది. నాకు 70 దగ్గరకొచ్చినయి. మేం పోయినంక నీ తలుపు కొట్టేదెవరు? అందుకే ఓర్చుకో, కలువు, అలవాటు చేసుకో అంటున్న. పదిమందితోని ఉంటేనే ఆపదల ఒకరన్న వస్తరు.

మేనకోడలు: రాత్రుల్ల నాకు కూడ గదే గుబులు మామా. అందుకే ఒంటరిగ నడుపుకునుడు ఇప్పట్నుంచే నేర్చుకుంటున్న. గోడకు తెలుగు క్యాలెండర్ ఒక్కటే పెట్టిన, కరెంటు బిల్లు, గ్యాస్, అమ్మ మందులు అన్ని ఆ గళ్లల్లనే రాస్త. ఆకలైతున్నట్టు నాకు తెల్వది, దూప కూడ తెల్వది. ఫోన్ల అలారం మోగితే తింట. పని దినాలల్ల జొన్నరొట్టె, పప్పు, అంతే. ఏం వండాల్నో ఆలోచించుడు తప్పుతది. బట్టల లేబుళ్లు కత్తిరిస్త, కొత్త చీర ఉతికి మెత్తబడ్డంకనే కడ్త. అమ్మ కుక్కర్ పెట్టేముందు ఒక కేక వేస్తది, నేను అర్రల నుంచి ఇవతలికొస్త. మాట రానప్పుడు చూపేటందుకు ఒక చీటీ రాసి పెట్టుకున్న: "నాకు బాగనే ఉన్నది, జరసేపు మాట్లాడలేను." అది చూపిస్తే అమ్మ భయపడదు. పెద్ద పని ఏదన్న నాకు కొండ లెక్క కనబడ్తే, అందుల మొదటి ముక్క ఒక్కటే కాయితం మీద రాసుకుంట. దాని తర్వాతది అది అయినంకనే.

మామ: చుట్టాలు చెప్పి రావాలని కూడ రాసి పెట్టినవట. ఇది పల్లె బిడ్డా. పగలు తలుపు దగ్గరికేసుకుంటే ఏమైందని వచ్చి అడిగే ఊరు. దాన్ని పోగొట్టుకుంటే నీకు మిగిలేదేంది?

మేనకోడలు: దాన్ని పోగొట్టుకోను. ముందటి తలుపు ఎప్పుడు తెరిచే ఉంటది. వచ్చినోళ్లను మందలించుడు అమ్మకు ప్రాణం. నేను అడిగేది నా అర్ర తలుపొక్కటే. అది ఏసి ఉంటే తీయొద్దు, నేను ఇవతలికి రాకపోతే తప్పు పట్టొద్దు. జర తేరుకుంటే నేనే చాయ తెచ్చిస్త.

మామ: మీకు ఎదుటి మనిషి మనసు తెల్వదని పేపర్ల చదివిన. తెల్వకుంటే ఎట్ల కలుస్తరు?

మేనకోడలు: దాని మీద కూడ పరీక్ష చేసి చూసిన్రు. 2020ల ఎడిన్‌బరో యూనివర్సిటోళ్లు మనుషులను వరుసగ నిలబెట్టి ఒక కథను ఒకరి నుంచి ఒకరికి చెప్పించిన్రు. అందరు ఆటిజం లేనోళ్లున్న వరుసల కథ ఎంత మిగిలిందో, అందరు ఆటిజం ఉన్నోళ్లున్న వరుసల కూడ అంతే మిగిలింది. రెండు రకాలోళ్లు కలిసిన వరుసలనే ఎక్కువ జారిపోయింది. 2012ల డేమియన్ మిల్టన్, ఆయనకు కూడ ఆటిజమే, ఈ తెల్వకపోవుడు రెండు దిక్కుల ఉంటదని రాసిండు. నాకు నీ మనసు తెల్వకపోవుడు ఎంత నిజమో, నీకు నాది తెల్వకపోవుడు అంతే నిజం. ఇన్నేండ్లు నేనొక్కదాన్నే నీ దిక్కు నడిచిన.

మామ: అయితే నువ్వు కూడ ఒకటి చెయ్యాలె. లేచి పోయినంక చెప్తే పొగరు లెక్కనే ఉంటది. నీకు ఏది చాతకాదో ముందుగాలనే, మా అందరికి తెలిసేటట్టు చెప్పు. అత్తకొక్కదానికి చెవుల చెప్తే సరిపోదు.

మేనకోడలు: చెప్త. కానీ చెప్పినందుకు నష్టం జరిగే చోట చెప్పను. మా ఆఫీసుల సార్‌కు తెలుసు, అందరికి తెల్వదు. ఎవరికి చెప్పాల్నో తేల్చుకునుడు నా చేతుల్లనే ఉండాలె. ఇగ నీ భయానికి జవాబు నా ఒక్కదాని దగ్గర లేదు. సొంతంగ తేల్చుకోలేనోళ్లకు 1999 నాటి జాతీయ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ అధ్యక్షతన ఉండే కమిటీ గార్డియన్‌ను పెడ్తది. 2016 చట్టమైతే మనిషి మాట తీసేయకుంట, వాళ్లతోని కలిసి తేల్చాలని చెప్తది. నాకు గార్డియన్ అక్కర లేదు. నెలకొకసారి వచ్చి బ్యాంకు కాయితాలు చూసిపోయే ఒక మనిషి కావాలె. మీ కోడలు చేస్త అన్నది. ఆమెకు నేను రాసిచ్చిన.

మామ: బరాత్ మాట ఇంక తేలలేదు. ఇగ మీద పెండ్లిలల్ల పిల్లను సాగనంపేటప్పుడు నువ్వు ఉండాలె.

మేనకోడలు: డీజే ఆపితే ఉంట. ఆపకుంటే మల్లా పోత.

మామ దీనికి ఒప్పుకోలేదు. ఆమె కూడా మాట మార్చుకోలేదు.

కామారెడ్డిలో 2023 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ నడుస్తున్నది. అక్కడి మానసిక వైద్య విభాగానికి, జిల్లా అధికారులకు ఒక విన్నపం. 18 దాటినవాళ్ళకు ఆటిజం పరీక్ష కోసం వారానికి ఒక పూట కేటాయించండి. మాచారెడ్డి నుంచీ ఎల్లారెడ్డి నుంచీ సికింద్రాబాదు దాకా పోలేనివాళ్ళు చాలామంది ఉన్నారు. ఆఫీసుల్లో పని పంచే అధికారులకు మరొకటి: రేపు ఉదయం ఎవరికి ఏ పని చెప్పినా, గడువుతో సహా రెండు వాక్యాల్లో రాసి ఇవ్వండి. ఇది చదువుతున్నవాళ్ళలో పొద్దున లేవలేని, మాట రాని స్థితికి చేరినవాళ్ళు ఎవరైనా ఉంటే, మానసిక ఆరోగ్య సాయానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416. పగలూ రాత్రీ ఎప్పుడైనా చేయవచ్చు, డబ్బు కట్టనక్కర లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.